పద్మవ్యూహమా? చుట్టుదారా?

 

*ఈ శుక్రవారం పాఠం: తిరుగుడు దారి*

నిన్నో మొన్నో ఇంటికి ఫోన్ చేసి ఉంటారు. అవతల నుంచి అమ్మ అడిగి ఉంటుంది, "ఎప్పుడొస్తావు నాయనా?" అని. "ఇంకో ఏడాదమ్మా" అని ఉంటారు. కిందటేడూ ఆ మాటే అన్నారు. వచ్చేటప్పుడు రెండేళ్లు అనుకున్నాం. అప్పు తీరేసరికి మూడేళ్లయింది. చెల్లి పెళ్లికి ఇంకో రెండేళ్లు. ఇల్లు మొదలుపెడితే స్లాబ్ దగ్గర ఆగింది. తీరం దగ్గరికి వచ్చాం అనుకున్న ప్రతిసారీ మళ్లీ వెనక్కి లాగినట్టే ఉంటుంది.

అప్పుడు మన నోట వచ్చే మాట ఒకటే. "పద్మవ్యూహంలో ఇరుక్కున్నట్టుంది నా బతుకు."

ఈ మాట నిజమా కాదా అని ఈ రోజు కాస్త నిదానంగా చూద్దాం. డ్యూటీ దిగి, స్నానం చేసి, టీ తాగుతూ చదవండి. తొందరేం లేదు.

*అభిమన్యుడికి ఏం తక్కువైంది?*

కథ మీకు తెలిసిందే. కురుక్షేత్రంలో పదమూడో రోజు. ద్రోణుడు వ్యూహం పన్నాడు. దాన్ని ఛేదించగల అర్జునుణ్ణి సంశప్తకులు దూరంగా లాక్కుపోయారు. మిగిలింది అభిమన్యుడు. లోపలికి వెళ్లడం తెలుసు, బయటికి రావడం తెలియదు. అమ్మ కడుపులో ఉండగా సగం విన్నాడు, తల్లికి నిద్ర పట్టేసింది, మిగతా సగం వినలేదు అని మన ఊళ్లలో చెప్పుకుంటాం.

ఇక్కడ మనం మరిచిపోయే సంగతి ఒకటుంది. అభిమన్యుడు ఒంటరిగా వెళ్లాలని ఎవరూ అనుకోలేదు. "నువ్వు దారి తెరువు, నీ వెనకే మేమంతా వస్తాం" అని ధర్మరాజు, భీముడు మాట ఇచ్చారు. వాళ్లు వచ్చారు కూడా. గుమ్మం దగ్గర సైంధవుడు అడ్డం పడ్డాడు. దారి మూసుకుపోయింది. పిల్లవాడు లోపల ఒక్కడైపోయాడు.

అంటే అతనికి ధైర్యం తక్కువ కాలేదు. తక్కువైనవి రెండే: బయటికి వచ్చే దారి, పక్కన తోడు. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్లీ వీటి దగ్గరికే వద్దాం.

కర్ణాటకలోని హళేబీడులో హొయసళేశ్వరాలయం ఉంది, 12వ శతాబ్దం నాటిది. దాని గోడ మీద ఈ పద్మవ్యూహాన్ని శిల్పులు చెక్కారు. చుట్టూ గుండ్రంగా తిరిగే గీతలు, వాటి మధ్య వీరులు. ఆ గీతల తీరునే ఇంగ్లీషులో లాబిరింత్ అంటారు. మనం ఈ పాఠంలో "చుట్టుదారి" అందాం.

*చిక్కుదారి వేరు, చుట్టుదారి వేరు*

పిల్లల పుస్తకాల్లో "కుందేలును క్యారెట్ దగ్గరికి చేర్చండి" అని ఒక ఆట ఉంటుంది కదా. అది చిక్కుదారి. అందులో పది దారులుంటాయి, తొమ్మిది గోడకు తగులుతాయి. తప్పు మలుపు తిరిగితే అంతే, వెనక్కి రావాలి.

చుట్టుదారి అలా కాదు. అందులో దారి ఒక్కటే. చీలికలు లేవు, మూసుకుపోయే సందులు లేవు. తప్పిపోవడానికి వీలే లేదు. అడుగు ముందుకు వేస్తూ ఉంటే నడిమధ్యకు చేరతారు. అక్కడి నుంచి వెనక్కి తిరిగితే అదే దారి మిమ్మల్ని గుమ్మం దగ్గర దింపుతుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా తికమకగా కనపడతాయి. కాలు పెడితే తేడా తెలుస్తుంది.

ఈ బొమ్మ చాలా పాతది. గ్రీసు దేశంలో పైలోస్ అనే చోట ఒక మట్టి పలక దొరికింది. సుమారు 3200 ఏళ్ల నాటిది. ఒక పక్క లెక్కలు, రెండో పక్క ఏడు చుట్ల దారి బొమ్మ. లెక్కలు రాసే గుమాస్తా గీసి ఉంటాడు. పని మధ్యలో అతని మనసు ఎక్కడికి పోయిందో! అమెరికాలో అరిజోనా వైపు తొహొనో ఓడమ్ అనే మూలవాసులు కూడా ఇలాంటి బొమ్మనే బుట్టల మీద అల్లుతారు, దాని గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉంటాడు. స్వీడన్ సముద్రతీరంలో రాళ్లు పేర్చి చేసిన ఇలాంటి దారులు వందల కొద్దీ ఉన్నాయి. చేపల వేటకు పోయే వాళ్లు పడవ ఎక్కే ముందు వీటిలో నడిచేవారనీ, చెడ్డగాలి ఆ చుట్లలో చిక్కుకుని వెంట రాకుండా ఉంటుందనీ అక్కడి వాళ్లు చెప్పుకుంటారు. సముద్రం దాటి కూడు సంపాదించుకునే వాళ్ల భయం ఎక్కడైనా ఒకటే.

ఫ్రాన్సులో షార్త్ర్ అనే ఊళ్లో పెద్ద చర్చి ఉంది. దాని నేల మీద 13వ శతాబ్దం మొదట్లో రాతితో ఒక చుట్టుదారి పరిచారు. పదకొండు చుట్లు. అడ్డంగా కొలిస్తే దాదాపు 13 మీటర్లే. కానీ దారి వెంట నడిస్తే సుమారు 260 మీటర్లు! జెరూసలేం యాత్రకు పోలేని పేదవాళ్లు ఈ దారి నడిచి, యాత్ర చేసినట్టే అనుకునేవారని అంటారు. ఇప్పుడు కూడా ఏడాదిలో కొన్ని నెలలు శుక్రవారాల్లో అక్కడ కుర్చీలు తీసేసి జనాన్ని నడవనిస్తారు.

మనకూ ఇది కొత్త కాదు. గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తాం. మనలో ఎంతమంది వీసా కోసం చిలుకూరు బాలాజీ దగ్గర 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాం! తీరాక 108 చేయాలి, అవి బాకీ ఉన్న వాళ్లు కూడా ఈ గ్రూపులో ఉన్నారు, నాకు తెలుసు 🙂. అరుణాచలంలో కొండ చుట్టూ 14 కిలోమీటర్లు నడుస్తాం. బతుకమ్మ చుట్టూ ఆడబిడ్డలు తిరుగుతారు. మన రూమ్‌లోని ముస్లిం సోదరులు మక్కాకు వెళ్తే కాబా చుట్టూ ఏడుసార్లు తిరుగుతారు. ఒక్కొక్కరి నమ్మకం ఒక్కోటి, ఒక్కో దాని అర్థం వేరు. కానీ కాళ్లతో చేసే ప్రార్థన అన్ని చోట్లా ఉంది.

*సృష్టిలో ఉన్నదే*

ఈ తిరుగుడు మనిషి కనిపెట్టింది కాదు. దేవుడు ముందే గీసి పెట్టాడు.

మీ కుడిచేతి బొటనవేలు చూడండి. ఎయిర్‌పోర్టులో, మెడికల్‌లో, అకామా కోసం ఎన్నిసార్లు మెషీన్ మీద పెట్టామో లెక్కలేదు. ఆ గీతలు కొందరికి సుడి తిరిగి ఉంటాయి, కొందరికి వెళ్లి మళ్లీ వెనక్కి మలుపు తిరిగి ఉంటాయి. ఒకరిది ఇంకొకరికి ఉండదు. కంపెనీకి మీరు ఒక నంబరు కావచ్చు. ఆ గీతలు గీసినవాడికి మాత్రం కాదు.

చెవి లోపల చూద్దాం. లోపలి చెవికి డాక్టర్లు పెట్టిన పేరే లాబిరింత్. అందులో నత్తగుల్లలా సుమారు రెండున్నర చుట్లు తిరిగిన భాగంతో శబ్దం వింటాం. పక్కనే మూడు వంపు గొట్టాలుంటాయి. అవి మనం తూలిపోకుండా నిలబెడతాయి. పరంజా మీద నిలబడి పని చేసే తమ్ముడిని పడిపోకుండా చూసే వాటిలో చెవిలోని ఆ చిన్న తిరుగుడు దారి ఒకటి.

కడుపులో చిన్న పేగు పొడవు సుమారు 6 మీటర్లు. తిన్నగా పరిస్తే ఈ రూమ్ గోడ నుంచి ఆ గోడ దాటిపోతుంది. మడతలు పడి, మలుపులు తిరిగి బెత్తెడు కడుపులో ఇమిడింది. అంత పొడవు లేకపోతే తిన్నది ఒంటబట్టదు.

గోదావరిని చూడండి. పాపికొండల దగ్గర కొండల మధ్య ఎన్ని వంపులు తిరుగుతుంది! ఒక్కో మలుపులో పడవలో కూర్చున్న వాళ్లకు "ఇక దారి లేదు, కొండే" అనిపిస్తుంది. దగ్గరికి పోతే తెరుచుకుంటుంది. వంపు తిరిగిందని నది సముద్రం చేరకుండా ఆగిందా?

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. *చిన్న చోటులో పెద్ద దారిని ఇమడ్చాలంటే మలుపులు తప్పవు.* ఆరుగురు పడుకునే రూములో, రెండంతస్తుల ఇనప మంచం మీద, మీకున్న చోటు ఆరడుగులు. ఆ ఆరడుగుల్లోంచి మీరు ఒక కుటుంబాన్ని నడుపుతున్నారు. అది తిన్నని దారిగా ఎలా ఉంటుంది?

*ఏడు చుట్లు చెప్పే మూడు మాటలు*

ఇప్పుడు అసలు పాఠం. ఏడు చుట్ల దారిని బయటి నుంచి లోపలికి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. మనం ఒకటో చుట్టుతో మొదలుపెడతాం అనుకుంటాం కదా? కాదు. నడక ఇలా సాగుతుంది: 3, 2, 1, 4, 7, 6, 5, ఆ తర్వాత నడిమధ్య.

*మొదటి మాట.* గుమ్మంలో కాలు పెట్టగానే మూడో చుట్టులో పడతారు. "పర్వాలేదే, అప్పుడే లోపలికొచ్చా" అనుకుంటారు. తర్వాత దారి రెండుకు, ఆ తర్వాత ఒకటికి, అంటే అన్నిటికన్నా బయటికి తీసుకుపోతుంది. వచ్చిన మొదటి ఏడాది గుర్తు తెచ్చుకోండి. చెప్పిన పని ఒకటి, ఇచ్చిన పని ఒకటి. జీతమంతా వడ్డీకే. ఊళ్లో ఉన్నప్పటికన్నా దూరమైపోయాం అనిపించింది. నడక మానేసిన వాడు అక్కడే ఉండిపోతాడు. నడిచిన వాడికి నాలుగో చుట్టు వస్తుంది.

*రెండో మాట.* నాలుగు తర్వాత ఒక్కసారిగా ఏడో చుట్టు. అది నడిమధ్యను ఆనుకుని ఉంటుంది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. "ఇక ఒక్క అడుగే" అనిపిస్తుంది. కానీ దారి మళ్లీ ఆరుకు, అయిదుకు, అంటే దూరంగా మలుపు తిరుగుతుంది. టికెట్ బుక్ చేసుకున్నాక సెలవు రద్దయిన వాళ్లకు, అప్పు తీరిన నెలలోనే నాన్నకు ఆపరేషన్ వచ్చిన వాళ్లకు ఈ చుట్టు బాగా తెలుసు. చిత్రం ఏంటంటే, నడిమధ్యకు తలుపు ఏడో చుట్టులో లేదు. అయిదో చుట్టు నుంచే ఉంది. దూరం జరిగాను అని ఏడ్చిన ఆ మలుపే లోపలికి తీసుకుపోయింది.

*మూడో మాట.* ఇద్దరు ముగ్గురు కలిసి ఈ దారిలో నడిస్తే ఒక వింత కనపడుతుంది. మీ పక్కనే, భుజం తగిలేంత దగ్గరగా ఒకతను నడుస్తుంటాడు. అతను మీకన్నా ముందున్నాడా, వెనకున్నాడా, తిరిగి వస్తున్నాడా? చూసి చెప్పలేరు. పక్క చుట్టులో ఉన్నవాడు మీకన్నా ఎంతో దూరం వెనక ఉండొచ్చు, ఎంతో ముందు ఉండొచ్చు. "నా తర్వాత వచ్చినవాడు రెండంతస్తులు కట్టాడు, నేనింకా ఇక్కడే ఉన్నా" అని కుమిలిపోయే తమ్ముడా, అతను ఏ చుట్టులో ఉన్నాడో నీకు తెలియదు. నువ్వు ఏ చుట్టులో ఉన్నావో అతనికీ తెలియదు. చూపు నీ కాలి ముందున్న అడుగు మీద పెట్టు.

*గీయడం ఎలా?*

ముగ్గు వేయడం వచ్చిన వాళ్లకు ఇది అయిదు నిమిషాల పని. ఒక కాగితం తీసుకోండి.

1. కాగితం మధ్యలో ప్లస్ గుర్తు గీయండి. దాని చుట్టూ నాలుగు మూలలు వస్తాయి.
2. ఒక్కో మూలలో మడిచిన మోచెయ్యిలాంటి గీత గీయండి. మడత ప్లస్ మధ్య వైపు ఉండాలి. రెండు చేతుల్లో ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, ప్లస్ గీతల పక్కనే బయటికి పోవాలి.
3. ఆ రెండు చేతుల మధ్య, బయటి మూలన ఒక చుక్క పెట్టండి. మొత్తం నాలుగు చుక్కలు.
4. ఇప్పుడు ప్లస్ పైకొస నుంచి, కుడి పక్కన ఉన్న మొదటి కొసకు గొడుగులా ఒక వంపు గీయండి. ఆ వంపు లోపలి జాగానే నడిమధ్య.
5. తర్వాత ఎడమ పక్క మొదటి కొస నుంచి, మొదటి వంపు మీదుగా, కుడి పక్క తర్వాతి కొసకు ఇంకో వంపు. ఇలాగే ఎడమ నుంచి కుడికి, ఒక్కో కొస దిగుతూ పోండి. చుక్క కూడా ఒక కొస కిందే లెక్క. ఏ కొసనూ వదలొద్దు.
6. ఎనిమిదో వంపు వచ్చి ప్లస్ కింది కొసకు కలుస్తుంది. అయిపోయింది. ప్లస్ కింది కొసకు ఎడమ పక్కన ఉన్న సందే గుమ్మం.

ఎనిమిది గీతలు, వాటి మధ్య ఏడు చుట్లు. మొదటిసారి తప్పు పోతే పర్వాలేదు, ఇంకో కాగితం తీసుకోండి.

*నడవడం ఎలా?*

జాగా ఉంటే, అక్కడి పెద్దలను అడిగి, క్యాంపు వెనక ఇసుకలో కర్రతో గీసుకోవచ్చు. దారి వెడల్పు అడుగున్నర పెడితే సుమారు 24 అడుగుల జాగా పడుతుంది. ఎండ వేళ వద్దు. తెల్లవారుజామున గానీ, పొద్దు గూకాక గానీ చేయండి. అయ్యాక చెరిపేయండి. ఇది పూజ కాదు, విగ్రహం కాదు. అయినా మనం ఉన్న దేశం మర్యాద మనం పాటించాలి.

జాగా లేదంటే, మేడమ్ ఇంట్లో పని చేస్తూ గుమ్మం దాటలేని చెల్లెళ్లు చాలామంది ఉన్నారు, కాగితం మీద చూపుడువేలితో నడవండి. ఎడమచేతి వేలితో అయితే ఇంకా నిదానంగా సాగుతుంది. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు చాలు.

లోపలికి వెళ్లేటప్పుడు ఆ రోజు మనసులో పడ్డ బరువు ఒక్కో మలుపు దగ్గర ఒక్కోటి దించండి. ఫోర్‌మన్ అన్న మాట ఒక మలుపులో. ఇంటి నుంచి వచ్చిన గొడవ ఇంకో మలుపులో. మీ దేవుడి పేరు మీరు తలచుకోండి, రాముడైనా, యేసయ్య అయినా, అల్లా అయినా. నడిమధ్యలో కాసేపు ఆగండి. ఏమీ అడగొద్దు. ఊపిరి చూసుకుంటూ ఊరుకోండి. బయటికి వచ్చేటప్పుడు రేపు చేయాల్సిన ఒక్క మంచి పని అనుకోండి. ఒక్కటే. అమ్మకు ఫోన్ చేయడం కావచ్చు, పక్క మంచం కుర్రాడికి జ్వరం మాత్ర తెచ్చివ్వడం కావచ్చు.

ఇలా చేస్తే అప్పు తీరుతుందని నేను చెప్పను. కానీ నిద్రపట్టని రాత్రి మనసు ఒకే చోట గిరగిరా తిరుగుతూ ఉంటుంది చూడండి, దానికి నడవడానికి ఒక దారి దొరుకుతుంది. ఆ తేడా చేసి చూసిన వాళ్లకు తెలుస్తుంది.

*ఒక్క జాగ్రత్త*

పాఠం ఇక్కడ ఆపేస్తే తప్పు చేసినట్టే. ప్రతి కష్టానికీ "ఓపిక పట్టు, దారి అదే వస్తుంది" అని చెప్పడం భక్తి కాదు.

కష్టంగా ఉన్నా సాగుతున్న బతుకు చుట్టుదారి. అప్పు కొంచెం కొంచెంగానైనా తగ్గుతోంది, జీతం వస్తోంది, ఇంటికి పోయే తేదీ దూరంగానైనా ఉంది. అక్కడ ఓపిక పట్టాలి.

నెలల తరబడి జీతం ఇవ్వకపోతే, పాస్‌పోర్టు లాక్కుంటే, కొడుతుంటే, గదిలో పెట్టి తాళం వేస్తుంటే అది చుట్టుదారి కాదు. అది మనుషులు కట్టిన చిక్కుదారి. ఆ గోడల మధ్య ఓపికగా తిరిగితే బయటికి రాలేరు. అక్కడ అభిమన్యుడి కథ గుర్తు తెచ్చుకోండి. అతనికి లేనివి రెండు: బయటి దారి, తోడు. మీకు ఆ రెండూ ఉన్నాయి. ఇండియన్ ఎంబసీకి వెళ్లొచ్చు, ఫోన్ చేయొచ్చు. విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఊళ్లో ఉన్న మీవాళ్లు కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. భయపడి ఎవరికీ చెప్పకుండా పారిపోయి ఖల్లివెల్లి అయ్యే ముందు ఒక్కసారి అడగండి. పాస్‌పోర్టు, అకామా, కాంట్రాక్టు కాగితాలు ఫోటో తీసి ఇంటికి పంపి ఉంచండి. బయటికి వచ్చే దారిని లోపలికి వెళ్లిన రోజే చూసి పెట్టుకోవాలి.

ఇంకొకటి. "ఇక వద్దు ఈ బతుకు" అన్న ఆలోచన ఎవరికైనా వస్తే, ఆ రాత్రి ఒంటరిగా ఉండొద్దు. పక్క మంచం మీద ఉన్న వాణ్ణి లేపండి. తిట్టినా లేపండి. లేచిన అన్నకు కూడా ఒక మాట: పొద్దున డ్యూటీ ఉందని చూడకు, కూర్చుని విను, తెల్లారేదాకా వదలొద్దు. ఆ రోజు సైంధవుడు అడ్డుపడ్డాడు, పాండవులు లోపలికి రాలేకపోయారు. మన రూమ్‌లో మనకు అడ్డు ఎవరూ లేరు.

*ఈ వారం చేయాల్సింది*

ఒక కాగితం మీద ఏడు చుట్లు గీయండి. దిండు కింద పెట్టుకోండి. ఏడు రాత్రులు వేలితో నడవండి. రూమ్‌లో ముభావంగా ఉంటున్న వాడెవడో ఒకడు ఉంటాడు, అతనికి కూడా ఒకటి గీసి ఇవ్వండి. మాట కలపడానికి అదొక వంక.

*ప్రార్థన*

స్వామీ, మలుపు తిరిగిన ప్రతిసారీ దారి తప్పానని భయపడ్డాను. నడిచే ఓపిక ఇవ్వు. ఓపిక పట్టకూడని చోట నోరు తెరిచే ధైర్యం ఇవ్వు. నా పక్కన నడిచే వాడిని చూసి కుళ్లుకోకుండా, వాడు తూలితే పట్టుకునే చెయ్యి ఇవ్వు. గుమ్మం దగ్గర ఎదురుచూస్తున్న నావాళ్లను చల్లగా చూడు.

వచ్చే శుక్రవారం మళ్లీ కలుద్దాం. ఈ పాఠం అవసరం ఉన్న వాళ్లు మీ క్యాంపులో ఉంటే పంపించండి. చదవడం రాని వాళ్లుంటే పక్కన కూర్చుని చదివి వినిపించండి.

శుభం 🙏